411 మీటర్లు చాలన్న విమానం 600 మీటర్ల గడ్డి మీద ఎందుకు ఆగదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సొంతంగా విమానం నడిపే లైసెన్సు పీపీఎల్ చేతికొచ్చి రెండు నెలలైంది. మొత్తం 64 గంటలు, అన్నీ నాలుగు సీట్ల సెస్నా 172ఎస్ మీద, అన్నీ తారు రన్‌వే మీదే. ఇప్పుడు మీ ఆవిడను ఎక్కించుకుని ఇంగ్లండ్ పల్లెటూళ్లో 600 మీటర్ల గడ్డి స్ట్రిప్‌కు, అంటే చిన్న గడ్డి రన్‌వేకు వెళ్లాలని ఉంది. విమానం పుస్తకం చూస్తే దిగడానికి 411 మీటర్లు చాలంటోంది. అయినా క్లబ్ వాళ్లు ముందు ఇన్‌స్ట్రక్టర్‌తో ఓసారి వెళ్లొస్తేనే విమానం ఇస్తామంటున్నారు. 189 మీటర్లు మిగులుతుంటే ఈ జాగ్రత్తంతా దేనికి, గడ్డి మీద దిగే చిన్న విమానాలు ఇన్ని ఎందుకు కంచెల్లోకి పోతున్నాయి అన్నది మీ సందేహం.

నేను 22 ఏళ్లుగా దక్షిణ ఇంగ్లండ్‌లో ఎగురుతున్నాను. నా గంటల్లో సగానికి పైగా గడ్డి మీదివే. ఒకసారి కంచెలోకి పోయినవాణ్ణి కూడా. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను, ముందు మీ 189 మీటర్ల లెక్క తేల్చాలి.

గడ్డిని తిట్టుకోనక్కర్లేదు. మొదట్లో విమానాశ్రయాలు చాలావరకు గడ్డి మైదానాలే. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా దిగేవాళ్లు, రన్‌వే అని ఒక గీత కూడా ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీల నుంచి యుద్ధ విమానాలను స్క్వాడ్రన్లకు చేరవేసిన ఏటీఏ అనే పౌర పైలట్ల సంస్థ కేంద్రం బెర్క్‌షైర్‌లోని వైట్ వాల్తామ్. అక్కడ ఇప్పటికీ గడ్డే. పక్కగాలిలో కాస్త వంకరగా దిగినా గడ్డి మీద టైరు కొద్దిగా జారి సర్దుకుంటుంది, తారు మీదైతే అదే వంకర విమానాన్ని ఒక్క ఊపు ఊపుతుంది. తోకచక్రం ఉన్న పాత విమానాలు నడిపేవాళ్లు అందుకే వెతుక్కుని మరీ గడ్డి మీద దిగుతారు.

అసలు చిక్కు మీరు ఇన్నాళ్లూ నేర్చుకున్న తారు రన్‌వేతో. 1,200 మీటర్ల తారు మీద మీరు ఎనిమిది నాట్లు (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) ఎక్కువగా వచ్చినా, నేల తాకకుండా 150 మీటర్లు తేలినా ఎవరూ పట్టించుకోరు. రన్‌వే నుంచి పక్కకు మళ్లే మొదటి దారి, టాక్సీవే, దాటిపోతుంది, రెండోదాంట్లో తిరుగుతారు, అంతే. ఆ పొరపాటు ఉందని మీకే తెలియదు. గడ్డి స్ట్రిప్‌లో రెండో టాక్సీవే ఉండాల్సిన చోట కంచె ఉంటుంది.

ఇప్పుడు ఆ 411. మీ పుస్తకంలో పట్టిక మళ్లీ తీయండి. సముద్రమట్టం, 20 డిగ్రీలు, 2,550 పౌండ్ల బరువు: 50 అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేదాకా 1,350 అడుగులు, అంటే 411 మీటర్లు. అందులో నేల మీద పరుగు 585 అడుగులే, మిగతాదంతా గాల్లో. పట్టిక పైన చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు కూడా చదవండి. 50 అడుగుల దగ్గర 61 నాట్లు, ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) పూర్తిగా, పవర్ లేదు, గాలి లేదు, పొడిగా చదునుగా ఉన్న గట్టి రన్‌వే, బ్రేకులు గట్టిగా తొక్కాలి. అంటే కొత్త విమానంలో, కొత్త బ్రేకులతో, ఆ పని కోసమే కూర్చున్న టెస్ట్ పైలట్ తెచ్చిన అంకె అది. మన క్లబ్ విమానం బ్రేకుల సంగతి మీకూ నాకూ తెలుసు.

అదే పేజీ అడుగున సెస్నా వాళ్లే ఒక మాట రాశారు: పొడి గడ్డి అయితే నేల మీద పరుగులో 45 శాతం కలపండి అని. 585లో 45 శాతం అంటే 263 అడుగులు. మొత్తం 1,613, అంటే 492 మీటర్లు. ఇది పొడి గడ్డి మాట. తడి గడ్డికి ఆ పేజీలో అంకె లేదు.

ఆ అంకె బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ కరపత్రంలో ఉంది. విమానం పుస్తకంలో సొంత లెక్క లేకపోతే వాడమని వాళ్లిచ్చిన గుణకాలు ఇవి. దిగేటప్పుడు పొడి గడ్డికి మొత్తం దూరాన్ని 1.15తో గుణించాలి, తడి గడ్డికి 1.35తో. పొట్టిగా కోసిన గడ్డి తడిసి, కింద నేల గట్టిగా ఉంటే మరీ జారుడు, అప్పుడు 1.6 దాకా పోవచ్చు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు, పొట్టి గడ్డి అంటే తారుతో సమానమని. పొడవు గడ్డి కనీసం చక్రాన్ని పట్టి లాగుతుంది, పొట్టి తడి గడ్డి సబ్బు రాసిన బండ లాంటిది. ఇవన్నీ అయ్యాక, భద్రత కోసం మొత్తాన్ని మళ్లీ 1.43తో గుణించమంటారు. ప్రయాణికులను డబ్బు తీసుకుని తిప్పేవాళ్లకు ఇది తప్పనిసరి, మనలాంటి సొంత సరదా వాళ్లకు గట్టి సలహా.

కూడండి చూద్దాం. సెస్నా చెప్పిన పొడి గడ్డి 492 మీటర్లు, ఇంటూ 1.43, అయితే 703. తడి గడ్డికి 411 ఇంటూ 1.35 ఇంటూ 1.43, అయితే 793. పొట్టి తడి గడ్డికైతే 940. మీ స్ట్రిప్ 600.

భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరిద్దరే, ట్యాంకులు సగమే అనుకోండి. బరువు పదో వంతు తగ్గితే దూరమూ ఇంచుమించు పదో వంతు తగ్గుతుంది. ఎదురుగాలి 10 నాట్లు ఉంటే అందులో సగమే లెక్కలో వేసుకోవాలి, అది ఇంకో ఐదు శాతం ఇస్తుంది. అప్పుడు 703 కాస్తా 601కి దిగుతుంది. అంటే పొడి గడ్డి, తక్కువ బరువు, మంచి ఎదురుగాలి అన్నీ కలిసొస్తే మీ స్ట్రిప్ అంచున సరిపోతుంది. ఒక్కటి తప్పినా భద్రత కోసం దాచుకున్నదాంట్లోంచి తింటున్నారన్నమాట. అదే గాలి వెనక నుంచి వచ్చిందా, ప్రతి రెండు నాట్లకు పది శాతం పెంచమని సెస్నా పుస్తకమే అంటోంది. నాలుగు నాట్ల వెనకగాలి అంటే గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, బద్ధకంగా వేలాడుతూ కొంచెం కదులుతుంది, పైనుంచి చూస్తే గాలి లేనట్టే ఉంటుంది. దూరం మాత్రం ఐదో వంతు పెరిగింది.

ఇంతవరకూ 61 నాట్లతోనే వచ్చారనుకుని లెక్క వేశాం. ప్రమాదాలు పుట్టేది అక్కడే.

భార్య పక్కన ఉంది, స్ట్రిప్ కొత్తది, పైనుంచి చూస్తే రుమాలంత ఉంది. ఎందుకైనా మంచిదని మనిషి ఐదారు నాట్లు కలుపుకుంటాడు. గాలి కుదుపుగా ఉందని ఇంకో మూడు. 61 బదులు 70 అయింది. వేగం 15 శాతమే పెరిగింది, కానీ ఆపాల్సిన శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 30 శాతం పైగా ఎక్కువ. పైగా ఆ అదనపు వేగం కరిగేదాకా విమానం నేల తాకదు. ఫ్లేర్‌లో, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తి పట్టినప్పుడు, చిన్న విమానం సెకనుకు రెండు నాట్లు, మహా అయితే ఇంకాస్త పోగొట్టుకుంటుంది. తొమ్మిది నాట్లు కరగాలంటే నాలుగైదు సెకన్లు. సెకనుకు 33 మీటర్ల చొప్పున అది 150 మీటర్లు. మీ 189లో 150 చక్రం నేలకు ఆనకముందే అయిపోయింది.

ఇంకో సంగతి చాలామంది ఊహకు అందదు. 55 నాట్లతో నేల తాకిన విమానం ఆగడానికి 300 మీటర్లు కావాలి, మిగిలింది 200 మీటర్లే అనుకుందాం. మూడింట రెండు వంతులు దూరం ఉంది కదా, కంచె దగ్గరికి వచ్చేసరికి వేగం మూడో వంతు, 18 నాట్లు ఉంటుంది అనిపిస్తుంది. కాదు. 32 నాట్లు ఉంటుంది. గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. వేగంలో పెద్ద భాగం పోయేది ఆఖరి కొద్ది మీటర్లలోనే, ఆ మీటర్లే మనకు ఉండవు.

ఇక నా కథ. పదేళ్లు దాటింది. సెప్టెంబరు నెల, మధ్యాహ్నం మూడున్నర. పైపర్ వారియర్. పక్క సీట్లో తెనాలి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా బావమరిది. పొద్దున వాన పడి ఆగింది, ఎండ కాస్తోంది. 580 మీటర్ల స్ట్రిప్. బయల్దేరే ముందు ఫోన్ చేసి అనుమతి అడిగితే స్ట్రిప్ యజమాని, పెద్ద రైతు, ‘రండి, నిన్ననే గడ్డి కోశాం, కొంచెం చెమ్మగా ఉంది, అంతే’ అన్నాడు. ఇంగ్లిష్ రైతు కొంచెం చెమ్మ అన్నాడంటే గమ్‌బూట్లు వేసుకోవాలని అర్థం. అన్నేళ్లు ఈ దేశంలో ఉన్నా ఆ భాష నాకు అంతుపట్టలేదు.

63 నాట్లు ఉండాల్సిన చోట 72తో వచ్చాను. కుదుపులేం లేవు, ఎందుకు వచ్చానంటే జవాబు లేదు. బావమరిది ముందు కుదుపు లేకుండా మెత్తగా దించాలన్న తాపత్రయం ఒకటి ఉంది, అది మాత్రం నిజం. తేలింది. స్ట్రిప్ పక్కన మధ్యలో విండ్‌సాక్ స్తంభం ఉంది. అది ఎడమ కిటికీ పక్కనుంచి వెనక్కి పోవడం చూశాను. చక్రాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. ‘ఇప్పుడు దిగుతుందిలే’ అనుకున్నాను. నిజానికి చాలా మెత్తగానే దిగింది.

బ్రేకు తొక్కాను. గడ్డి మీద దొర్లే చక్రానికి ఒక గరగర ఉంటుంది, సీటు కింద తెలుస్తుంది. బ్రేకు తొక్కగానే ఆ గరగర ఆగిపోయింది. దాని బదులు సన్నగా ‘స్‌స్‌’ అని ఒక చప్పుడు, తడి గుడ్డతో నేల తుడిచినట్టు. చక్రాలు బిగిసిపోయి విమానం స్లెడ్జి బండిలా జారుతోందని నాకు తట్టడానికి రెండు సెకన్లు పట్టింది. కాలు తీసి మళ్లీ మెల్లగా తొక్కాలి. ఆ మాట తెలుసు, పాఠం చెప్పమంటే చెప్పేవాణ్ణి. కాలు మాత్రం లేవలేదు. ‘బావా, ఆగట్లేదేంటి?’ అన్నాడు వాడు, మామూలుగానే, బస్సు స్టాప్ దాటిపోతే అడిగినట్టు. ఇంజన్‌కు ఇంధనం ఆపే మిక్స్‌చర్ పిడి లాగేశాను, ఎడమ రడ్డర్ మొత్తం తొక్కాను. విమానం పక్కకు తిరిగి, కుడి రెక్క ముళ్ల కంచెలోకి దూరి ఆగింది. ప్రాపెల్లర్ అప్పటికే ఆగిపోయింది. మాస్టర్ స్విచ్ ఆపి, వాణ్ణి రెక్క మీదికి దింపి, నేనూ దిగాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. రెక్క చివర పగిలింది, ఫ్లాప్ వంగింది.

వెనక్కి నడుచుకుంటూ చూశాను. గడ్డిలో రెండు ముదురాకుపచ్చ గీతలు, తిన్నగా, పక్కపక్కనే. మట్టి లేవలేదు, గడ్డి ఒక్క పోచ తెగలేదు. అంగలు వేసి కొలిస్తే దాదాపు 170 అంగలు. ఈలోగా రైతు క్వాడ్ బైక్ మీద వచ్చి, మేం బాగానే ఉన్నామని చూసుకుని, ‘చెమ్మగా ఉందని చెప్పాను కదా’ అన్నాడు.

ఆ గీతల ముందు నిలబడినప్పుడు తడి గడ్డిని తిట్టుకున్నాను. ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే తెలిసింది, నేను కంచెలోకి పోయింది విండ్‌సాక్ స్తంభం దగ్గరే అని. అప్పుడు ఎత్తు మూడు అడుగులు, వేగం చాలినంత, ముందు చెట్లు లేవు. థ్రాటిల్ తోసి ఉంటే ఒక రౌండు తిరిగొచ్చి హాయిగా దిగేవాళ్లం. బావమరిదికి అది తప్పని తెలిసేది కూడా కాదు.

అందుకే మీకు నేను చెప్పే మొదటి పని ఒకటే: దిగే ముందే స్ట్రిప్ పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. షెడ్డో, పొదో, ట్రాఫిక్ కోనో ఏదైనా. మొదటి మూడో వంతు దాటేచోట, మీ స్ట్రిప్‌కైతే 200 మీటర్ల దగ్గర. ఆ గుర్తు పక్కకు వచ్చేసరికి ప్రధాన చక్రాలు నేల మీద ఆనకపోతే గో-అరౌండ్, అంటే పవర్ ఇచ్చి మళ్లీ లేచిపోవడం. ఆలోచించేది, సర్దుకునేది ఏమీ లేదు. ఇద్దరికీ వినపడేలా గట్టిగా చెప్పండి కూడా, ‘ఆ షెడ్డు దాటితే మళ్లీ లేస్తాం’ అని. పక్కన కూర్చున్న మనిషికి ముందే చెప్పేస్తే లేవడంలో నామోషీ ఉండదు. ఆ నామోషీ చేసినంత చేటు తడి గడ్డి కూడా చేయదని నా నమ్మకం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. చక్రాలు ఆని, తడి గడ్డి మీద బ్రేకులు వేస్తూ సగం దాటాక మళ్లీ లేద్దామనుకోకండి. ఫ్లాప్స్ పూర్తిగా కిందే ఉంటాయి, గడ్డి చక్రాలను పట్టుకుంటుంది, ముందు చెట్లు. కంచెను 15 నాట్లతో నేల మీద తగిలితే విమానం పాడవుతుంది. చెట్ల కొమ్మలను 50 నాట్లతో, స్టాల్ అంచున, అంటే రెక్కలు ఇక మోయలేని వేగం దగ్గర తగిలితే మనుషులు పోతారు. ఆగదని తేలిపోయినప్పుడు ఇంధనం, మాగ్నెటోలు (ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి), మాస్టర్ స్విచ్ ఆపేసి, చెట్టు మొద్దుకీ గేటు స్తంభానికీ కాకుండా మధ్య పొదల్లోకి పోనివ్వండి. ఇక టైముకి చేసే గో-అరౌండ్‌లో థ్రాటిల్ పూర్తిగా, ముక్కు లేవకుండా పట్టి, ఫ్లాప్స్ మొదట 20కి. మిగతావి వేగం పుంజుకున్నాక అంచెలుగా. ఒక్కసారిగా మొత్తం ఎత్తేస్తే విమానం కూలబడుతుంది.

కంచెల గురించే మాట్లాడుతున్నాను గానీ, గడ్డి మీద విరిగేవాటిలో ముందుచక్రం కూడా ఉంటుంది. గడ్డి కింద ఏముందో కనపడదు. ఇక్కడ కుందేళ్లు బొరియలు తవ్వుతాయి, మోల్ అనే చుంచు లాంటి జంతువు రాత్రికి రాత్రే మట్టి కుప్పలు లేపుతుంది. ఇంకా ఎగిరే వేగం ఉండగా అలాంటి మిట్ట తగిలితే విమానం గాల్లోకి గెంతుతుంది. కొత్త పైలట్ కంగారులో యోక్, అంటే విమానం స్టీరింగు, ముందుకు తోస్తాడు. ముందుచక్రం మొదట తగులుతుంది, మళ్లీ గెంతు, ఈసారి పెద్దది. మళ్లీ తోస్తాడు. సాధారణంగా మూడో దెబ్బకు ముందుచక్రం లొంగిపోతుంది, ప్రాపెల్లర్ నేలకు కొడుతుంది. ఆ కొట్టడం రెండు అంగుళాలే వంగినట్టు కనిపించినా ఇంజన్ మొత్తం విప్పి చూడాల్సిందే, బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. మీ 172లో ముందుచక్రం కాడ (స్ట్రట్) ఇంజన్ వెనక ఉండే ఫైర్‌వాల్ రేకుకు బిగించి ఉంటుంది, కాబట్టి గట్టి దెబ్బకు ఆ రేకు కూడా ముడతలు పడుతుంది. పైకి బాగానే కనిపించే ఎన్నో 172లలో ఈ ముడతలు పట్టుబడేది వార్షిక తనిఖీలోనే.

గెంతితే యోక్ ఉన్నచోటే పట్టుకోండి, కాస్త పవర్ ఇవ్వండి, మళ్లీ దిగనివ్వండి. రెండోసారి గెంతితే వెళ్లిపోండి. నేల మీద పరుగెత్తేటప్పుడు యోక్ వెనక్కి లాగి పట్టుకోవడం తారు మీద బద్ధకిస్తాం, గడ్డి మీద అది కుదరదు. బ్రేకు తొక్కిన కొద్దీ బరువు ముందుచక్రం మీదికి వస్తుంది. మెత్తటి చోట అది కూరుకుంటే విమానం ముక్కు మీద నిలబడుతుంది, ఒక్కోసారి బోర్లా పడుతుంది.

మెత్తటి చోటు అన్నాను కదా, నేల గురించి మన పల్లెల నుంచి వచ్చినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. జూలైలో నల్లరేగడిలో ట్రాక్టర్ దిగబడడం చూసినవాళ్లం. ఇక్కడా అంతే. కెంట్‌లో హెడ్‌కార్న్ గడ్డి ఎయిర్‌ఫీల్డ్ ఉన్నది వీల్డ్ అనే ప్రాంతపు బంకమట్టి మీద, చలికాలం వానలకు నీరు తాగి ఉబ్బుతుంది. డార్సెట్‌లో కాంప్టన్ అబ్బాస్ ఉన్నది సుద్దరాయి గుట్ట మీద, ఎంత వాన పడ్డా త్వరగా ఇంకిపోతుంది. ఒకే రోజు, ఒకే వాన, రెండు వేర్వేరు రన్‌వేలు. చలికాలంలో చక్రాల మీది తొడుగులు విప్పించుకోండి. బురదా గడ్డీ కలిసి లోపల గట్టిపడితే చక్రం తిరగదు, అది బ్రేకు వేసుకుని దిగినట్టే.

కళ్లు చేసే మోసం కూడా ఉంది. మీకు అలవాటైన తారు రన్‌వే వెడల్పు 30 మీటర్లో ఇంకా ఎక్కువో. స్ట్రిప్ అందులో సగం ఉంటుంది. సన్నటి పట్టీని చూస్తే ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నామనిపిస్తుంది. దాంతో కిందికి దిగిపోతాం, ఇవతలి కంచెకే చక్రం తగులుతుంది. ఎదురుగా పైకి వాలిన స్ట్రిప్ కూడా ఇదే మోసం చేస్తుంది. అవతలికి దిగువగా వాలినదైతే దీనికి తలకిందులు, తక్కువలో ఉన్నామనిపించి ఎత్తుగా వస్తాం. మూడు డిగ్రీల వాలుతో దిగివస్తూ త్రెషోల్డ్ (రన్‌వే మొదలు) మీద 30 అడుగులు ఎత్తుగా వస్తే చక్రం తాకే చోటు 170 మీటర్ల పైన ముందుకు జరుగుతుంది. వైట్ వాల్తామ్ లాంటి విశాలమైన మైదానంలో మళ్లీ ఇంకో రకం, నేల దగ్గరైపోయిందనిపించి పది అడుగుల ఎత్తులోనే ఫ్లేర్ చేసి దబ్బున పడతారు.

చెట్ల వరుస వెనక గాలి పడిపోతుంది. ఫైనల్‌లో, అంటే రన్‌వేకి తిన్నగా దిగివచ్చే ఆఖరి దారిలో, 12 నాట్ల ఎదురుగాలి అనుకుని వస్తుంటే, చెట్ల నీడలోకి రాగానే అందులో సగం మాయమవుతుంది, విమానం కూలబడినట్టు దిగుతుంది. కాంప్టన్ అబ్బాస్‌లో దక్షిణపు గాలి వీస్తుంటే గుట్ట అంచున ఈ సుళ్లు బాగా తెలుస్తాయి, ఆ రోజు కొత్తవాళ్లు వెళ్లకపోవడమే మంచిది. ఇలాంటి చోట ఐదు నాట్లు కలుపుకోవడం తప్పు కాదు. ఆ ఐదుకీ మీటర్లు కట్టుకోకుండా కలుపుకోవడం తప్పు.

ఖాళీ దొరికినప్పుడు బ్రిటన్ ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నెలనెలా వేసే బులెటిన్లు చదవండి. చిన్న ప్రమాదాలకు దర్యాప్తు అధికారి రాడు, పైలట్ నింపిన ఫారమే ఆధారం. ఎవరిమీదా నింద వేయడం వాళ్ల పని కాదు కాబట్టి జనం ఉన్నదున్నట్టు రాస్తారు. ప్రతిదాని మొదట్లో పైలట్ అనుభవం ఉంటుంది: మొత్తం గంటలు, ఆ రకం విమానం మీద గంటలు, గత 90 రోజుల్లో ఎన్ని, గత 28 రోజుల్లో ఎన్ని. నేను మొదట చూసేది ఆ ఆఖరి అంకె. ఆ ఫారం నేనూ నింపాను. మొత్తం గంటల గడిలో పెద్ద అంకె రాసుకుని మురిసిపోయాక, 28 రోజుల గడిలో ఒకటి అని రాయాల్సి వచ్చింది. ఆ నెలంతా వాతావరణం బాగాలేదు, ఎగరలేదు.

ఇప్పుడు మీ 600 మీటర్ల సంగతి. వచ్చే శనివారమే అంటున్నారు కాబట్టి మొదటి మాట, మీ ఆవిడను ఈసారికి తీసుకెళ్లకండి. ఇన్‌స్ట్రక్టర్‌తో ముందు హ్యాంప్‌షైర్‌లోని పోఫమ్ వెళ్లండి, అక్కడ 900 మీటర్ల పైన గడ్డి ఉంది. అక్కడి 26వ నంబరు రన్‌వేకి దిగేటప్పుడు పెట్రోల్ బంకు మీదుగా పోకుండా కాస్త పక్కనుంచి రావాలి, తిన్నటి ఫైనల్ అలవాటైన మీకు అదీ మంచి అభ్యాసమే. అక్కడ 61 నాట్లతో వచ్చి, మూడో వంతులోపు చక్రాలు ఆనించడం వరసగా ఐదుసార్లు కుదిరాక 600 గురించి మాట్లాడుకుందాం.

ఆ తర్వాత ఆ స్ట్రిప్‌కు ఒక ఆదివారం కారులో వెళ్లండి. యజమానిని అడిగి ఈ చివర్నుంచి ఆ చివరికి నడవండి. ఒప్పుకుంటే కారును గంటకు 30 మైళ్లతో దాని మీద నడపండి, మీకు ఒళ్లు హూనం కాకపోతే విమానానికీ ఫర్వాలేదు. ఇది పాతకాలపు పరీక్షే, సీఏఏ వాళ్లూ చెప్పేదే. గడ్డి ఎత్తు మీ చక్రం వ్యాసంలో 30 శాతం దాటకూడదు. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, మీ గుర్తు షెడ్డు ఎక్కడో చూసుకోండి. దిగడం ఒక్కటే కాదు, మళ్లీ లేవగలమా అన్నదీ అక్కడే లెక్క వేసుకోండి. దిగి, లేవలేక, రెక్కలు విప్పి లారీలో ఇంటికి చేర్చిన విమానాలు నేను రెండు చూశాను.

ఎగిరే రోజు పొద్దున ఫోన్ చేసినప్పుడు ‘ఎలా ఉంది?’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘ఇప్పుడు మీ కాళ్లకు ఏ బూట్లున్నాయి?’ అని అడగండి.